పబ్ క్విజ్‌కు ప్రశ్నలు కూర్చేవారికి

క్విజ్ ప్రశ్నల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను ఇంగ్లండులోని లెస్టర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా వీధి చివర ఉన్న పబ్బులో ప్రతి మంగళవారం రాత్రి జనరల్ నాలెడ్జి క్విజ్ పెడతారు. గెలిచిన జట్టు మరుసటి నెల ప్రశ్నలు కూర్చాలన్నది అక్కడి ఆనవాయితీ. పోయిన నెల మా జట్టు గెలిచింది, ఆ పని నా మీద పడింది. నలభై ప్రశ్నలు కావాలి. కష్టమైనవి ఇవ్వాలా, తేలికైనవి ఇవ్వాలా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: అమ్మా, కష్టమా తేలికా అని ఆలోచించే ముందు మీరు ప్రశ్నలు చదవబోయే గదిని ఒకసారి తలుచుకోండి. పదో పన్నెండో బల్లలు, ఒక్కో బల్ల చుట్టూ నలుగురైదుగురు మనుషులు, మధ్యలో ఒక జవాబుల కాగితం, ఒక పెన్ను. మీరు మైకులో ప్రశ్న చదవగానే ఆ తలలన్నీ కాగితం మీదికి వంగుతాయి. పక్క బల్లవాళ్లకు వినపడుతుందేమోనని గుసగుసగా మాట్లాడుకుంటారు. అలా తలలు వంగుతున్నాయా లేదా అన్నదే మీకు కొలత. ప్రశ్న పూర్తి కాకముందే అందరూ జవాబు రాసేసి గ్లాసు అందుకుంటే అది మరీ తేలికైనది. విన్నవాళ్లందరూ కుర్చీల్లో వెనక్కి వాలిపోతే అది ఎవరికీ పట్టని ప్రశ్న. బల్ల దగ్గర ఒకరికి సగం, మరొకరికి మిగతా సగం తెలిసి, ఇద్దరూ కలిపి చూసుకుంటే జవాబు తేలే ప్రశ్నలు మీ నలభైలో కనీసం పాతికైనా ఉండాలని నా అభిప్రాయం.

పబ్బుకూ ప్రశ్నకూ చుట్టరికం పాతదే. గిన్నెస్ బీరు సంస్థకు మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న హ్యూ బీవర్ 1951 నవంబరులో ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతానికి వేటకు వెళ్లాడు. మనుషులు వేటాడే పక్షులలో ఐరోపాలో అన్నిటికంటే వేగంగా ఎగిరేది ఏదన్న వాదన మిత్రుల మధ్య వచ్చింది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. ఇటువంటి వాదనలు దేశంలోని పబ్బులన్నిటిలో ప్రతి రాత్రీ జరుగుతూనే ఉంటాయి కదా, వాటిని తేల్చే పుస్తకం ఒకటి ఉంటే బాగుంటుంది కదా అని ఆయనకు తోచింది. 1955లో వచ్చిన గిన్నెస్ రికార్డుల పుస్తకానికి మూలం ఆ ఆలోచనే. ఆ తర్వాత 1976లో షారన్ బర్న్స్, టామ్ పోర్టర్ అనే ఇద్దరు, జనం పలచగా ఉండే రోజుల్లో పబ్బులకు మనుషులను రప్పించడానికి దక్షిణ ఇంగ్లండులో క్విజ్ పోటీలు ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు. మీ పబ్బులో మంగళవారమే క్విజ్ పెట్టడానికి కారణం కూడా బహుశా అదే అయివుంటుంది.

ఇక పని సంగతి. నలభై ప్రశ్నలను పదేసి చొప్పున నాలుగు రౌండ్లు చేయండి. ప్రతి రౌండులో మొదటి రెండు ప్రశ్నలు అందరికీ తెలిసినవే వేయండి, ఎందుకంటే మొదటి ప్రశ్నకే నోరు వెళ్లబెట్టిన జట్టు ఆ రాత్రంతా తేరుకోదు. ఫుట్‌బాల్, టీవీ ధారావాహికలు మీకు పట్టకపోయినా వాటిని వదిలేయవద్దు, ఆ గదిలో సగం మంది వాటి కోసమే వస్తారు. రాసిన ప్రతి ప్రశ్ననూ ఇంట్లో గట్టిగా చదివి మరొకరికి వినిపించండి. కంటికి చక్కగా కనిపించిన వాక్యం చెవికి ఒక్కసారిగా ఎక్కకపోతే దాన్ని విరిచి రెండు వాక్యాలు చేయండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సంక్రాంతి వేడుకల్లో పిల్లలకు క్విజ్ పెట్టాము. ‘ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన పర్వతం ఏది?’ అని అడిగితే ఒక బాబు ఎవరెస్టు అని కాకుండా ‘మౌనా కియా’ అని రాశాడు. మేము తప్పు పెట్టాము. బాబు ఏడ్చాడు. వాళ్ల నాన్నగారు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. తప్పు మాదేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తప్పు ప్రశ్నలో ఉందండీ. సముద్ర మట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టుదే పైచేయి. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన దాని ఎత్తు 8,848.86 మీటర్లు. హవాయి దీవుల్లోని మౌనా కియా సముద్రం పైన 4,207 మీటర్లే కనిపిస్తుంది కాని, సముద్రం అడుగున ఉన్న మొదలు నుంచి కొలిస్తే అది ఎవరెస్టును దాటిపోతుంది. భూమి కేంద్రం నుంచి దూరం చూస్తే ఈ రెండూ కావు, ఈక్వడార్‌లోని చింబొరాజో శిఖరం ముందుంటుంది. దాని ఎత్తు 6,263 మీటర్లే అయినా, భూమి నడుము దగ్గర ఉబ్బుగా ఉండటం వల్ల ఎవరెస్టు కొనకంటే అది సుమారు 2 కిలోమీటర్లు దూరంలో ఉంటుంది. ‘సముద్ర మట్టం నుంచి’ అన్న రెండు మాటలు చేర్చివుంటే గొడవే లేదు. ఆ బాబు ఎక్కడో చదివి, గుర్తుపెట్టుకుని, ధైర్యంగా రాశాడు. మీరే వాళ్లింటికి వెళ్లి, నీ జవాబూ సరైనదేనని బాబుతో చెప్పి, ఆ మార్కు ఇచ్చి రండి. వాళ్ల నాన్నగారు తప్పకుండా మాట్లాడతారు.

కొన్ని ప్రశ్నలు అడిగేనాటికి సరిగ్గానే ఉండి, ఆ తర్వాత చెడిపోతాయి. ‘ఏ గ్రహానికి ఎక్కువ చందమామలు ఉన్నాయి, ఎన్ని?’ అన్న ప్రశ్నే చూడండి. 2023 మొదట్లో కొన్ని నెలలు గురుగ్రహం ముందుంది. ఆ ఏడాదే శని దాన్ని దాటింది. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలను లెక్కలోకి తీసుకోవడంతో శని చుట్టూ తిరిగేవి 274 అయ్యాయి. కజకిస్తాన్ రాజధాని 1998 నుంచి అస్తానా. 2019లో దాన్ని నూర్ సుల్తాన్ అన్నారు, 2022లో మళ్లీ అస్తానా అన్నారు. మన దేశంలో రాష్ట్రాల సంఖ్య కూడా అంతే. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటంతో 29 అయింది. 2019 అక్టోబరు 31న జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కావడంతో తిరిగి 28కి వచ్చింది. పాత చీటీలోని ప్రశ్నను తీసి వాడేటప్పుడు అది ఏ సంవత్సరంలో రాసినదో చూసుకోవాలి. నేనైతే ప్రతి ప్రశ్న పక్కన నెల, సంవత్సరం వేసుకుంటాను.

అలా వేసుకోవడం నేర్పింది నాకు ఎదురైన అనుభవమే. కొన్నేళ్ల క్రితం ఒక కళాశాలలో క్విజ్ నడుపుతూ, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఏ సంవత్సరంలో విడుదలైందని అడిగాను. నా చీటీలో 1931 అని ఉంది. చిన్నప్పటి నుంచి చదివింది, విన్నది అదే. ఒక జట్టు 1932 అని రాసింది. తప్పు పెట్టాను. ఆ ఒక్క మార్కుతో వాళ్లు రెండో స్థానానికి పడిపోయారు. అందరూ వెళ్లాక ఆ జట్టులోని అమ్మాయి వేదిక దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, ఫోనులో ఒక వ్యాసం తెరిచి నా చేతికిచ్చింది. ఆ చిత్రానికి 1932 జనవరిలోనే సెన్సారు సర్టిఫికెట్ వచ్చిందనీ, అది ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందనీ పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆధారాలతో తేల్చిన సంగతి అందులో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడే కళాశాలకు ఉత్తరం రాసి ఫలితం దిద్దించాను. కాని, చప్పట్ల మధ్య బహుమతి అందుకోవలసిన ఘడియ ఆ పిల్లలకు తిరిగి రాలేదు. అందరికీ తెలుసు అనుకునే విషయాన్నే ఎక్కువగా సరిచూసుకోవాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

ప్రశ్న: ప్రశ్నల పుస్తకాల నుంచి, ఇంటర్నెట్టు నుంచి ప్రశ్నలు తీసుకోవడం తప్పా?
– ఒక విద్యార్థి, హైదరాబాదు

జవాబు: విషయం ఎవరి సొత్తూ కాదు, బాబూ. కాని ఉన్నదున్నట్టు ఎత్తి రాసేవాడు తప్పును కూడా ఎత్తి రాస్తాడు. ఫ్రెడ్ వర్త్ అనే అమెరికన్ రచయిత, తన ట్రివియా (చిన్న చిన్న విశేషాల) పుస్తకాన్ని ఎవరైనా నకలు చేస్తే పట్టుకోవాలని, టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ‘ఫిలిప్’ అని అందులో ఒక అబద్ధం కావాలనే పెట్టాడు. ‘ట్రివియల్ పర్స్యూట్’ అనే ప్రశ్నల ఆట మార్కెట్లోకి వచ్చాక చూస్తే ఆ ఫిలిప్ అందులోనూ కనిపించాడు. 1984లో ఆయన 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. వాస్తవాల మీద ఎవరికీ కాపీరైటు ఉండదని కోర్టు దాన్ని కొట్టేసింది. దావా పోయినా, సరిచూడకుండా ఎత్తి రాశారన్న సంగతి మాత్రం లోకానికి తెలిసిపోయింది.

చైనా మహాకుడ్యం చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందన్నది కూడా ఇలా చేతులు మారుతూ వచ్చినదే. 2003లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి చైనా వ్యోమగామి యాంగ్ లివే, భూమి చుట్టూ తిరుగుతుండగానే అది తనకు కనబడలేదని చెప్పాడు. అందువల్ల ప్రతి జవాబునూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల చూసుకో. రెండూ ఒకే పుస్తకం నుంచి తీసుకున్నవైతే అవి రెండు కావు, ఒకటే. మీ ఊళ్లోనే 1972 నుంచి నడుస్తున్న ‘కె సర్కిల్’ అనే క్విజ్ క్లబ్బు ఉంది. వీలైతే అక్కడికి వెళ్లి కొన్నాళ్లు వెనక వరుసలో కూర్చో. మంచి ప్రశ్న ఎలా ఉంటుందో వింటేనే పట్టుబడుతుంది.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో మా ఆఫీసువాళ్లతో కలిసి పబ్ క్విజ్‌కు వెళ్తుంటాను. ఈసారి ఒక రౌండు నన్ను వేయమన్నారు. మన తెలుగు నేలకు సంబంధించిన ప్రశ్నలు వేయాలని ఉంది. కాని వాళ్లకు మన గురించి ఏమీ తెలియదు. ఎలా?
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: వాళ్లకు తెలిసిన చోట మొదలుపెట్టి మన దగ్గర తేలే ప్రశ్నలు వేయండి. మీరు ఉన్న దేశానికే సరిగ్గా సరిపోయేది ఒకటి ఉంది. పొలం గట్లను తవ్వి, కలుగులో ధాన్యం దాచుకునే పందికొక్కును మన ఇళ్లలో తిట్టుకోని రైతు ఉండడు. ఆ ‘పందికొక్కు’ అన్న తెలుగు మాటే ఆంగ్లేయుల నోట ‘బ్యాండికూట్’ అయింది. వాళ్లే ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కుతో, పొట్టకు సంచితో ఉన్న ఒక చిన్న జంతువును చూసి, దానికీ మన కొక్కుకూ ఏ చుట్టరికమూ లేకపోయినా, అదే పేరు పెట్టేశారు. 1996లో వచ్చిన ఒక వీడియో గేము నాయకుడి పేరులోనూ అదే ఉంది. ఇప్పుడు ప్రశ్నను ఇలా కూర్చండి: ‘ఒక దక్షిణ భారత భాషలో పంది ఎలుక అనే అర్థమున్న మాట నుంచి పుట్టి, మీ పెరట్లో తిరిగే ఒక సంచి జంతువుకూ, 1996 నాటి ఒక వీడియో గేము కథానాయకుడికీ పేరైన మాట ఏది?’ తెలుగు రాకపోయినా పెరడు తెలిసినవారు ఒకవైపు నుంచి, గేములు ఆడేవారు ఇంకోవైపు నుంచి ఆ మాటను చేరుకోగలరు. జవాబు చెప్పేటప్పుడు ‘పందికొక్కు’ అని మన ఉచ్చారణతో రెండుసార్లు పలకండి, వాళ్ల చేత కూడా పలికించండి.

దోమల ప్రశ్న కూడా బాగుంటుంది. మలేరియా దోమల ద్వారా వస్తుందనడానికి కీలకమైన ఆధారం 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్‌కు దొరికింది సికింద్రాబాదులోనే. రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని ఆయన చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది, బ్రిటన్‌కు అదే తొలి నోబెల్. ఇప్పటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. ‘ప్రపంచ దోమల దినానికి ఆగస్టు 20నే ఎందుకు ఎంచుకున్నారు?’ అని ఎవరినైనా అడగవచ్చు.

వజ్రాలను అసలు వదలవద్దు. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడే దాకా లోకానికి వజ్రాలు దాదాపు అన్నీ మన దేశం నుంచే వెళ్లాయి, అందులోనూ కృష్ణా తీరంలోని గోల్కొండ రాజ్యపు గనులకు పెద్ద పేరు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న నీలి రంగు హోప్ వజ్రం అక్కడి కొల్లూరు గనిదని చెబుతారు. 1958లో దాన్ని మ్యూజియానికి కానుకగా ఇచ్చిన నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్, ఎవరూ నమ్మలేని పద్ధతిలో పంపాడు. ‘ఎలా పంపాడు?’ అన్నదే ప్రశ్న. మామూలు రిజిస్టర్డ్ పోస్టులో, గోధుమరంగు కాగితం చుట్టి పంపాడు. ఈ జవాబు చెప్పగానే గదిలో వచ్చే సందడి నాకు ఎంతో ఇష్టం. ఆ సందడిలోనే కొల్లూరు పేరు కూడా చెప్పండి.

క్రికెట్ అభిమానులుంటే, 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ ఎవరని అడగండి. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు ఆయన. ఇటువంటివి పది ప్రశ్నల రౌండులో మూడో నాలుగో చాలు. పదీ మన గురించే అయితే వచ్చినవాళ్లు అతిథుల్లా కూర్చుంటారే తప్ప ఆడరు.

ప్రశ్న: రెండు జట్లకు సమానంగా మార్కులు వస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎవరికీ కచ్చితంగా తెలిసే అవకాశం లేని అంకె ఒకటి అడిగి, దగ్గరగా చెప్పినవారిని గెలిపించండి. లండన్ టవర్‌లో ఉన్న కోహినూరు బరువు ఎన్ని క్యారెట్లు అన్నది ఇందుకు పనికొస్తుంది. 1852లో సాన పట్టాక అది సుమారు 186 క్యారెట్ల నుంచి 105.6కు తగ్గింది, అందుకే ‘ఇప్పుడున్న బరువు’ అని స్పష్టంగా అడగండి. ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా దగ్గరితనమే చూస్తామని ముందే ప్రకటించండి. జట్టు తరఫున ఒక్కరే ముందుకు వచ్చి కాగితం మీద రాయాలి, ఎందుకంటే నోటితో చెప్పిస్తే రెండోవారు మొదటివారి అంకెకు ఒకటి కలిపి చెప్పేస్తారు. ఇద్దరూ ఒకే అంకె రాసిన రోజూ వస్తుంది, కనుక ఇలాంటి ప్రశ్న ఇంకొకటి సిద్ధంగా ఉంచుకోండి.