తెరపై ముచ్చట, అచ్చులో మసక

ప్రశ్న: ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయి ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌లో 1080 పిక్సెళ్ల చదరంలో వేసిన బొమ్మను ఏ4 కాగితం వెడల్పునా అచ్చు వేయిస్తే మసకగా వచ్చింది. బొమ్మలు గీసే యాప్ ప్రొక్రియేట్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అక్కర్లేదమ్మా. పైగా ప్రొక్రియేట్ ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో పనిచేయదు. లోపం యాప్‌ది కాదు, కాన్వాస్ (యాప్‌లో బొమ్మ గీసే పలక) కొలతది. మంచి అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలన్న లెక్కన 1080 పిక్సెళ్లు సుమారు మూడున్నర అంగుళాలకే సరిపోతాయి కనుక, ఎనిమిది అంగుళాలకు సాగదీసినప్పుడు గీతల అంచులు చెదిరిపోక తప్పదు. ఏ4 కోసమైతే మొదటి గీత గీయకముందే 2480 × 3508 పిక్సెళ్ల కాన్వాస్ తీసుకోవాలి. బొమ్మ పూర్తయ్యాక కొలత పెంచితే పిక్సెళ్లు పెరుగుతాయే గాని, లేని వివరం పుట్టుకురాదు. కాన్వాస్ పెద్దదైతే మెమరీ ఎక్కువ పడుతుంది. ట్యాబ్లెట్ నెమ్మదిస్తే, పూర్తయిన లేయర్లను (బొమ్మలో ఒకదానిపై ఒకటి ఉండే పొరలను) కలిపేయమనండి, ఇంకు గీతల లేయర్‌ను మాత్రం విడిగా ఉంచుకోమనండి. ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మల యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, అందులో అచ్చుకు తగిన సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల) రంగుల పద్ధతీ ఉంది. తెరపై మెరిసే నీలం, ఆకుపచ్చ రంగులు కాగితంపై కొంత మందగిస్తాయి కాబట్టి, మొత్తం అచ్చుకిచ్చే ముందు ఒక చిన్న ముక్క తీయించి చూసుకోండి.