టీవీ చానల్‌కు బైట్ (కెమెరా ముందు చెప్పే మాట) ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి?

మీ కాలనీ నీటి సమస్యపై చానల్ వాళ్లు రేపు వస్తామన్నారు, ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉందని మీరన్నారు. ముందు లైవా, రికార్డింగా అని కనుక్కోండి. రికార్డింగైతే మీరు పది నిమిషాలు మాట్లాడినా వార్తలో వచ్చేది కొన్ని సెకన్లే. ఏ ముక్క ఉంచాలో వాళ్ల ఇష్టం. అందుకే అసలు సంగతి మొదటే చెప్పేయండి: నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తున్నాయి, ఎప్పటినుంచి ఇలా ఉంది, ఎవరికి అర్జీ పెట్టారు. అర్జీ కాపీ చేతిలో ఉంచుకోండి.

అసలు ప్రమాదం విసుగులో జారే మాటతోనే. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ అనే బ్రిటిష్ కంపెనీ చమురు బావి పేలి 11 మంది చనిపోయారు. ఆ కంపెనీ సీఈఓ టోనీ హేవార్డ్ కెమెరా ముందు క్షమాపణ చెబుతూనే, ‘నా జీవితం నాకు తిరిగి కావాలి’ అనేశాడు. క్షమాపణ సంగతి అందరూ మర్చిపోయారు, ఆ మాటే మిగిలింది.

తెలియనిది అడిగితే ‘కనుక్కుని చెబుతాను’ అనండి. ‘నో కామెంట్’ అంటే ఏదో దాస్తున్నారనుకుంటారు. ఏదైనా మాట బయటికి రాకూడదనుకుంటే, అది చెప్పాక కాదు, చెప్పకముందే ‘ఇది వాడొద్దు’ అని విలేకరిని ఒప్పించుకోవాలి. కాలర్ మైకు తీసేదాకా కబుర్లు వద్దు. అన్నట్టు, సన్న చారల చొక్కా వేసుకోకండి, కెమెరాలో అలలు కదిలినట్టు కనిపిస్తుంది.