టార్గెట్ 8 లక్షల నుంచి 14 లక్షలకు పెంచడం గురించి

రమ్య గారూ, బాబు ఆపరేషన్‌కు ఆన్‌లైన్‌లో విరాళాల కోసం 8 లక్షలు టార్గెట్ పెట్టాక ఆసుపత్రి వాళ్లు 14 లక్షలన్నారని, ఇంకో క్యాంపెయిన్ మొదలుపెట్టాలా అని అడిగారు. దయచేసి రెండోది పెట్టకండి. ఒకే బాబు పేరిట రెండు లింకులు కనిపిస్తే ఇచ్చేవాళ్లకు అనుమానం వస్తుంది, ఇప్పటిదాకా వచ్చిన షేర్లూ చీలిపోతాయి.

ఉన్నదాన్నే పెంచమనండి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో కొత్త ఎస్టిమేట్ తీసుకుని సైటు సపోర్ట్ వాళ్లకు పంపండి. మిలాప్, కెటో లాంటి విరాళాల సైట్లు ఆ కాగితం చూస్తాయి. టార్గెట్ చేరకపోతే వచ్చింది వెనక్కి పోతుందన్న టెన్షన్ వద్దు. ఆ నిబంధన కొత్త ప్రాజెక్టులకు డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైటుది. వైద్య సాయం సేకరణల్లో ఎంత వస్తే అంత చికిత్సకు వాడుకోవచ్చు.

అంకె మారిన రోజే అప్‌డేట్ రాయండి: పాత ఖర్చెంత, కొత్తదెంత, ఎందుకు పెరిగింది. ఇప్పటికే ఇచ్చినవాళ్లకు ఇది ముందు తెలియాలి, అది వాళ్ల హక్కు. ఎస్టిమేట్ ఫొటో పెట్టేటప్పుడు ఫోన్ నంబరు, ఆధార్ కనిపించకుండా చూడండి.

ముఖ్యమంత్రి సహాయ నిధికీ ఇవాళే అప్లై చేయండి. లింకు ఇక్కడ పెట్టండి, నేనూ పంచుతాను.