క్లాంప్‌లో బిగించి పట్టినా కత్తి మొన దగ్గర తెగట్లేదేంటి?

ప్రశ్న: అండీ, కత్తికి సాన పట్టడానికి కోణం పట్టి ఉంచే క్లాంప్ సెట్ కొన్నాను, రాయి బిగించిన రాడ్‌ని 20 డిగ్రీల రంధ్రంలోనే పెట్టి రుద్దుతున్నా. పిడి వైపు బాగా తెగుతోంది, మొన వైపు మాత్రం వంజరం ముక్క కూడా నలుగుతోంది. రాయి మార్చాలా?
– ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: రాయి మార్చొద్దమ్మా, తప్పు రాయిది కాదు. రాడ్ రంధ్రం ఎత్తు మారదు కదా, క్లాంప్ నుంచి దూరం వెళ్లేకొద్దీ కోణం తగ్గిపోతుంది, అందుకని పొడుగు కత్తికి మొన దగ్గర రాయి అసలు అంచుకి తగలకుండా దాని పైభాగాన్ని గీకుతూ ఉంటుంది, మీరెంత రుద్దినా అంతే. కత్తిని రెండు చోట్ల బిగించి సగం సగం పట్టండి. అనుమానం తీరాలంటే అంచు మీద మార్కర్ పెన్‌తో రంగు పూసి రెండుసార్లు రుద్ది చూడండి, రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతున్నట్టు, నా లెక్కలో ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఇంకోటి, గరుకు రాయిని తొందరపడి వదిలేయకండి. ఒకవైపు రుద్దాక అవతలి వైపు అంచు నుంచి బయటికి వేలు జరిపితే (అంచు వెంబడి కాదు, కోసుకుంటుంది!) పొడుగునా సన్నటి గరుకు తగలాలి, అది వచ్చాకే రెండోవైపు, ఆ తర్వాతే నున్నటి రాళ్లు, చివర్లో ఒత్తిడి బాగా తగ్గించి.

కత్తిపీట మాత్రం ఇందులో బిగించకండి, పీటతో అది పట్టదు, చేత్తో సానరాయి మీదే నయం. మన సముద్రపు గాలికి ఇనుప కత్తులు ఇట్టే తుప్పు పడతాయి, పని అయ్యాక తుడిచి కొంచెం కొబ్బరినూనె రాసి పెట్టండి.