ఇంప్రాక్టికలా, ఇంప్రాక్టికబులా?

సందేహం: ఆఫీసు నివేదికలో ఒక ప్రతిపాదనను ‘ఇంప్రాక్టికల్’ అని రాస్తే, పై అధికారి ‘ఇంప్రాక్టికబుల్’ అని దిద్దారు. రెండింటికీ తేడా ఉందా? తెలుగులో ‘ఆచరణీయం కాదు’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, అంబర్‌పేట, హైదరాబాద్

సమాధానం: తేడా ఉంది. లాడ్ బజార్ సందుల్లో డబుల్ డెక్కర్ బస్సు తిప్పాలనడం ఇంప్రాక్టికబుల్. సందు పట్టదు, మాట అక్కడితో సరి. అంబర్‌పేట నుంచి మాదాపూర్‌కు రోజూ సైకిల్ రిక్షాలో ఆఫీసుకు వెళ్లాలనడం ఇంప్రాక్టికల్. వెళ్లవచ్చు, చేరేసరికి సగం పూట గడిచిపోతుంది. మొదటిది వీల్లేనిది, రెండోది వీలున్నా గిట్టనిది. అయితే అమెరికా వాడుకలో ఇంప్రాక్టికల్ రెండు పనులూ చేస్తోంది కనుక మీరు రాసింది తప్పని కొట్టేయలేను.

‘చేయలేనిది’ అన్న ఒక్క మాటలో ఎన్ని రకాలున్నాయో చూడాలంటే ఏనుగు లక్ష్మణకవి దగ్గరికి వెళ్లాలి. భర్తృహరి శ్లోకానికి ఆయన తేటగీతి ఇది:

తివిరి ఇసుమున తైలంబు తీయవచ్చు
తవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు
తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు
చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు

బడిలో బట్టీపట్టి నాలుగో పాదాన్నే గుర్తుంచుకుంటాం. మొదటి మూడింటిలో ఉన్న పనితనం చూడండి. ఇసుక ఉంది, గానుగ ఉంది, తిప్పే ఎద్దూ ఉంది. ఇసుకలో నూనె లేదు. సాధనాలన్నీ అమరినా సరుకులోనే ఫలం లేని పథకం ఇది; ఇన్‌ఫీజిబుల్ అన్న మాట ఇక్కడ అతుకుతుంది. ఎండమావిలో నీరు కంటికి కనిపిస్తుంది, నడిచేకొద్దీ వెనక్కి జరుగుతుంది. పైప్ డ్రీమ్ ఇదే. నల్లమందు గొట్టం పీల్చిన మత్తులో వచ్చే కల ఆ మాటకు మూలం. ఇక కుందేటికొమ్ము లోకంలోనే లేదు, ఎంత తిరిగినా దొరకదు. కిమెరికల్ అనేది దీనికి తగును. సింహం తల, మేక ఒడలు, పాము తోక గల గ్రీకు పురాణ జంతువు పేరు మీద పుట్టిన మాట అది. పాదాల మొదట్లో తివిరి, తవిలి, తిరిగి అని మూడు క్త్వార్థకాలు (‘చేసి’, ‘వెళ్లి’ వంటి అసమాపక క్రియలు) పెట్టాడు కవి. మూలంలోని ‘యత్నతః’ను ‘తివిరి’గా, ‘పర్యటన్’ను ‘తిరిగి’గా దించిన తీరు అనువాదకులంతా చదువుకోవలసింది. ప్రయత్నంలో లోపం లేదని చెప్పాకే అసాధ్యం అసాధ్యంగా నిలుస్తుంది.

యుటోపియన్ అంటే ఊహాలోకానికి చెందినది. థామస్ మోర్ 1516లో గ్రీకు ముక్కలతో కల్పించిన ‘లేని చోటు’ నుంచి వచ్చింది. క్విక్సాటిక్‌లో ఉదాత్తమైన మొండితనం ఉంటుంది. అన్‌వర్కబుల్ అమల్లో పెట్టాక నడవనిది.

ఇన్ని ఛాయలుండగా అన్నిటికీ ‘వర్కౌట్ అవ్వదు’ అని ఒకే ముద్ర వేయడం బద్ధకం. ‘నేల విడిచిన సాము’, ‘గాలిమేడ’ అనే మాటలు నోటికి ఎందుకు రావడం లేదు?

‘ఆచరణీయం’ సంగతి. మాట చివరి ‘అనీయ’ ప్రత్యయానికి శక్యార్థం (‘చేయగలిగినది’ అన్న అర్థం) వ్యాకరణం ఒప్పుకున్నా, తెలుగులో ఆ మాటకు ఆచరించదగినదన్న అర్థమే స్థిరపడింది. ‘ఈ పథకం ఆచరణీయం కాదు’ అంటే పథకం చెడ్డదని చదువరి అనుకోవచ్చు. ‘ఆచరణసాధ్యం కాదు’ అని రాయండి. ఖర్చో కాలమో మాత్రమే అడ్డమైతే అదీ వద్దు, ‘కష్టసాధ్యం’ చాలు. మీ ప్రతిపాదన ఈ రెండింటిలో ఏదో మీ ఉత్తరంలో లేదు. మొదటి రకమైతే మీ అధికారి దిద్దుబాటే మేలు.