పిల్లల నోట కీర్తన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా సండే స్కూలుకు 6 నుంచి 12 సంవత్సరాల వయసు పిల్లలు పాతికమంది వస్తారు. దాదాపు అందరూ ఇంగ్లీషు మీడియంలో చదివేవారే కనుక పాటలను ఇంగ్లీషు అక్షరాలలో తెరపై చూపిస్తున్నాము. పాత కీర్తనలు నేర్పుదామంటే, ఆ గ్రాంథిక భాష పిల్లలకు అర్థం కాదని, రాగాలు కష్టమని తల్లిదండ్రులు అంటున్నారు. వాటిని వదిలివేయవలసిందేనా?
— ఒక ఉపాధ్యాయురాలు, బోయినపల్లి

జవాబు: వదిలివేయవద్దు. అయితే ముందుగా ఆ తెర సంగతి చూడండి. ఇంగ్లీషు లిపిలో ‘పడు’, ‘పాడు’ అనే రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి. ‘వరము’, ‘వారము’ కూడా అంతే. ‘కల’కూ ‘కళ’కూ తేడాయే ఉండదు. తెలుగు కీర్తనలో హ్రస్వదీర్ఘాలు అర్థాన్నే కాదు, నడకను కూడా నిలబెడతాయి. ఏ అక్షరం దగ్గర ఎంతసేపు ఆగాలో తెలియని పిల్లవాడు ఆదితాళంలోని 8 అక్షరకాలాలలో, అంటే తాళపు లెక్కలలో, ఎక్కడో తప్పిపోతాడు. మనం మాత్రం వాడికి తాళజ్ఞానం లేదని అనుకుంటాము. సికింద్రాబాద్‌లో పిల్లలకు పాటలు నేర్పిన రోజుల్లో నేనూ ఈ పొరపాటు చేశాను. ఒక చరణాన్ని నెల రోజులు దిద్దినా కుదరలేదు. తెర ఆపివేసి నోటితో చెప్పించినప్పుడు రెండు ఆదివారాలలో కుదిరింది.

అందుచేత పాటను చెవితోనే మొదలుపెట్టండి. మొదటి ఆదివారం పల్లవిని రాగం లేకుండా, చేత్తో తాళం వేయిస్తూ, మాటలుగా మాత్రమే చెప్పించండి. ఆదితాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. ఆరేళ్ల పిల్లలు దీనిని ఆటలా పట్టుకుంటారు. మాట తాళంలో కూర్చున్న తరువాత రాగం జోడిస్తే, నేర్పవలసినది సగమే మిగులుతుంది. పల్లవి నోటికి వచ్చాక, ఆ పంక్తులను పెద్ద తెలుగు అక్షరాలలో అట్టమీద రాసి గోడకు తగిలించండి. తమకు నోటికి వచ్చిన మాటలే ఎదురుగా కనిపిస్తాయి కాబట్టి, తెలుగు చదవడం రాని పిల్లలు కూడా ఆ అక్షరాలను వేలితో చూపుతూ గుర్తుపట్టడం మొదలుపెడతారు.

గ్రాంథికం గురించి ఇంత భయం అవసరం లేదు. ‘పాడెదను’ అంటే పాడతాను, ‘వేడెదను’ అంటే వేడుకుంటాను అని ఒక్కసారి చెప్పి, ఆ ముగింపు ఉన్న మాటలను పిల్లలచేతనే వెతికించండి. వారు కంఠస్థం చేసే బైబిలు వాక్యాలలో ‘స్తుతించెదను’ వంటి మాటలు ఇప్పటికే ఉన్నాయి కదా. వాక్యానికి అడ్డురాని భాష కీర్తనకు మాత్రం ఎందుకు అడ్డు వస్తుంది? ‘దురితము’ వంటి మాట తగిలినప్పుడు అర్థం చెప్పి ముందుకు సాగండి. ఒక తరగతిలో మూడు కొత్త మాటలకు మించవద్దు.

రాగాల విషయంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల శ్రమను మనం గుర్తుంచుకోవాలి. వారు పల్లవి, చరణాలతో, మన రాగతాళాలలో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చువేయడం అందుకే. ఆ పేర్లను చూడకుండా దాటిపోయే ఉపాధ్యాయులను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. మోహన రాగంలో ఉన్నదానితో మొదలుపెట్టండి. అందులో స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలే ఉన్నాయి, పక్కపక్కనే ఇరుక్కునే అర్ధస్వరాలు లేవు కనుక, చిన్న గొంతు జారిపోదు. ‘డో రే మీ’ పద్ధతికి మూలమైన స్వరాల పేర్లు కూడా, 11వ శతాబ్దంలో గైడో అనే ఇటలీ సన్యాసి గాయకులకు దేవాలయ గీతాలు త్వరగా నేర్పడం కోసం పెట్టినవే. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 3:16లో బోధించడం, పాడడం ఒకే వాక్యంలో ఉన్నాయి. పిల్లల తరగతిలో పాటను పాఠానికి ముందు కాలక్షేపంగా కాక పాఠంగానే చూడమని నేను అడగడానికి కారణం అది.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. శ్రుతి కలవడం లేదని క్రిస్మస్ పాటల బృందంలో వెనుక వరుసలో నిలబెట్టి, పెదవులు మాత్రం కదపమన్నారు. వాడు ఇప్పుడు ఇంట్లో కూడా పాడడం లేదు.
— ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ఏ పిల్లవాడికీ ఆ మాట చెప్పకూడదు. ఆ వయసులో శ్రుతి కలవకపోవడం సాధారణంగా చెవి లోపం కాదు, ఇంకా కుదరని అలవాటు మాత్రమే. మన సంఘాలలో కీబోర్డు వాయించేవారు పెద్దవారి గొంతుకు, అందులోనూ మగవారి గొంతుకు తగిన శ్రుతి పెడతారు. దానిని అందుకోవడానికి పిల్లవాడు గొంతును అడుక్కి తోసి, మాట్లాడినట్టు గొణుగుతాడు. ఎనిమిదేళ్ల గొంతుకు కీబోర్డుపై మధ్య ‘సి’ నుంచి దాని పై ‘సి’ వరకు ఉన్న మేర సుఖంగా ఉంటుంది. పాట అంతా ఆ మేరలో పడేలా శ్రుతి మార్చమని అడగండి. చిన్న పిల్లలకు మగ గొంతు కంటే ఆడ గొంతును, తోటి పిల్లల గొంతును అనుకరించడం తేలిక. కనుక ఇంట్లో మీరే పాడండి. ముందు వాడిని తనకు నచ్చిన స్వరంలో ‘ఊ’ అనమనండి, మీరు ఆ స్వరాన్ని అందుకోండి. రెండు గొంతులు కలిసినప్పుడు ఎలా ఉంటుందో వాడికి అలా తెలుస్తుంది. తరువాత ఒక్కొక్క మెట్టు మార్చండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. మైకు ముందు గట్టిగా అరవనివ్వకండి. వాడిని తిరిగి ముందు వరుసలోకి తీసుకోమని బృందం పెద్దలను కూడా అడగండి. ఆ అడగడం మీ హక్కు.

ప్రశ్న: మా అత్తగారిది గుంటూరు, మా పుట్టింటివారిది మెదక్. ఒకే కీర్తనను ఇద్దరు అమ్మమ్మ, నాయనమ్మలు రెండు బాణీలలో పాడతారు. పాపకు ఏది నేర్పాలి?
— ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: ఆదివారం మీ సంఘం పాడే బాణీని ముందు నేర్పండి, ఎందుకంటే పాప నలుగురితో గొంతు కలపవలసినది అక్కడే. అది స్థిరపడడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఆ తరువాత ఇద్దరి పాటనూ ఫోనులో రికార్డు చేసి ఉంచండి. గుంటూరు లూథరన్ సంఘాలలోనూ, మెదక్‌లోని ఒకప్పటి వెస్లియన్ సంఘాలలోనూ పెద్దలు నోటినుంచి నోటికి అందించిన బాణీలు అనేకం స్వరలిపిలో రాసి లేవు. నాయనమ్మ దగ్గర కూర్చున్నప్పుడు నాయనమ్మ బాణీ, అమ్మమ్మ దగ్గర అమ్మమ్మ బాణీ పాడనివ్వండి. పదేళ్లు దాటిన పాప ఏది ఎవరిదో తానే చెప్పగలుగుతుంది.