చీటీ మోసే పిల్లకు అన్నీ తెలియకూడదు

చిరంజీవి చిట్టికి,

మేనత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు నవలల సిరీస్ మొదలుపెడుతున్నావని చెప్పాడు. నాయిక నిజాం కాలపు పిల్లట, పదిహేనేళ్ళట, తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల మీద తిరగబడ్డ సంఘం కోసం రహస్యంగా చీటీలు మోస్తుందట. గర్వంగా ఉంది. దాంతో పాటే టెన్షన్ కూడా పట్టుకుంది. పిల్లల పత్రికలో సీరియళ్ళు దిద్దుతూ ఉద్యోగం చేసినదాన్ని, ఇలాంటి కథలు ఎక్కడ కూలిపోతాయో చూశాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

తేదీలు ఒక కాగితం మీద రాసి కళ్ళెదురుగా అంటించుకో. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు పోలీసు చర్య, అంటే భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగడం. పోరాటం ఆపింది 1951 అక్టోబరులో. ఊళ్ళ మధ్య దూరాలు కాలినడకన లెక్కపెట్టు. డబ్బు జాగ్రత్త. నిజాం రాజ్యంలో నడిచింది హాలీ సిక్కా, అవి ఏడు రూపాయలైతే బ్రిటిష్ ఇండియావి ఆరు. నీ పిల్ల బెజవాడ వైపు దాటాలంటే కరోడ్‌గిరి నాకా, అంటే సుంకం వసూలు చేసే చోటు, ఉంటుంది, మూటలు విప్పి చూస్తారు. ఇవన్నీ నువ్వు ఎలాగూ చేసుకుంటావు.

నా భయం వేరే. చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రాడు మా పత్రికకు ఇలాంటి సీరియలే రాశాడు. చెయ్యి తిరిగినవాడు. అతని నాయికకు పద్నాలుగేళ్ళు. మొదటి వారంలోనే దళ నాయకుడు ఆ పిల్లను కూర్చోబెట్టి డెన్ ఎక్కడుందో, తుపాకులు ఎవరి గడ్డివాములో దాచారో, పక్క ఊళ్ళో తమ మనిషి ఎవరో మొత్తం చెప్పేస్తాడు. పాఠకుడికి తెలియాలి కదా అని అతని ఉద్దేశం. కొన్ని వారాలు బాగానే నడిచింది, పిల్లలు పోస్టు కోసం ఎదురుచూశారు కూడా. తర్వాత ఉత్కంఠ పెంచాలని పిల్లను నిజాం పక్షాన ఊళ్ళ మీద పడే రజాకార్లకు పట్టించాడు. అక్కడ ఇరుక్కుపోయాడు. పిల్ల నోరు విప్పితే దళం అంతా పోతుంది. విప్పకపోతే పద్నాలుగేళ్ళ పిల్ల దెబ్బలు తింటూ ఉండాలి, దాన్ని వారం వారం పిల్లల చేత ఎలా చదివిస్తాం? చివరికి ఒక రాత్రి కాపలావాడు నిద్రపోయాడు, తలుపుకు తాళం వెయ్యడం మర్చిపోయాడు, పిల్ల పారిపోయింది. ఆ సంచిక తర్వాత ఉత్తరాలు రావడం ఆగిపోయింది. సీరియల్‌ను మధ్యలోనే ముగించాల్సి వచ్చింది. ఆ కుర్రాడు మళ్ళీ కలం పట్టలేదని విన్నాను. ఎంత మంచి వాక్యం రాసేవాడో!

చిట్టీ, రహస్యంగా నడిచే ఉద్యమంలో చీటీ మోసేవాళ్ళకు దానిలో ఏముందో తెలియనివ్వరు. ఎవరి చేతి నుంచి తీసుకోవాలి, ఎవరి చేతికి ఇవ్వాలి, అంతే. ఆ మనుషుల అసలు పేర్లు కూడా అక్కర్లేదు. ఆ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారు దళాల్లో రాజక్క. తలకు పదివేల రూపాయలు వెల కట్టినప్పటికి ఆమె ఇంకా ఇరవై దాటని పిల్ల. మారుపేర్లు ఊరికే పెట్టుకోలేదు. పట్టుబడినవాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండకూడదు, అది వాళ్ళకూ రక్ష, మిగతావాళ్ళకూ రక్ష. నీ పిల్లకూ ఆ రక్ష ఇవ్వు.

అలా చేస్తే కథ చప్పబడుతుందనుకోకు. ఇలా ఊహించు. పిల్ల సద్దిమూట నెత్తిన పెట్టుకుని చేనుకు పోతోంది. జొన్నరొట్టెల మధ్య మడతపెట్టిన చీటీ. చెరువుకట్ట మీద గొర్లకాపరికి ఇవ్వాలి. కట్ట మీద అతను లేడు. కొంచెం ముందు వెళ్ళాడా, అసలు రాలేదా? పిల్ల కాలిలో ముల్లు దిగినట్టు కింద కూర్చుంటుంది. నేల మీద గొర్రె పెంటికలు ఎండి పొడి అవుతున్నాయి. అంటే మంద ఈ పొద్దున ఇటు రాలేదు. అంటే అతనికేదో అయింది. ఇప్పుడు చీటీతో ఇంటికి పోవాలా, ఇక్కడే ఉండాలా? దానిలో ఏముందో తెలియదు, అది ఎంత అవసరమో తెలియదు. అవతలి గట్టు మీద పట్వారీ మనిషి వస్తున్నాడు. ఒక అధ్యాయం మొత్తం అక్కడే నడపొచ్చు. పెంటికలు చూసి కాలం చెప్పడం ఏ గురువూ నేర్పలేదు, పుట్టినప్పటి నుంచి చేసే పనే నేర్పింది. ఆమె తెలివి అంతా అలాంటి చోటి నుంచే రావాలి. గోడలు దూకించకు. తుపాకీ ఇవ్వడానికి తొందరపడకు. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు కారప్పొడితో, రోకళ్ళతో, వడిసెల రాళ్ళతో నిలబడ్డారు. నీకు అంతకన్నా ఏం కావాలి?

నీ నాయిక దొర గడీలో నీళ్ళు మోసే పిల్ల అన్నాడు నాన్న. ఆ ఎంపిక నాకు చాలా నచ్చింది, కానీ దాని బరువు తెలుసుకో. వెట్టికి వచ్చిన పిల్ల ఏ గడప దాకా వెళ్ళొచ్చు, ఏ బావిలో చేద వెయ్యొచ్చు, ఎవరెదురైతే పక్కకు తప్పుకోవాలి, అన్నీ ఆమె కులాన్ని బట్టి ఉంటాయి. ఆ గీతలు తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయించకు. ఇంకొకటి. దొరసాని బిడ్డకు పెళ్ళయితే ఈ పిల్లను వెంట ఆడబాపగా, అంటే దాసిగా, పంపేయొచ్చు. ఎప్పుడు ఎక్కడికి తోలేస్తారో తెలియని బతుకు. రజాకార్ల కన్నా ముందే మొదలైన భయం అది. ఆ పెళ్ళి ముహూర్తం నీ మొదటి నవలలో ఉండి తీరాలి.

ఆకునూరులో, మాచిరెడ్డిపల్లిలో ఆడవాళ్ళ మీద జరిగిన అఘాయిత్యాలు చరిత్రలో ఉన్నాయి. వాటిని దాచమని అనను. కథకు మలుపు కావాలని మాత్రం వాడుకోకు, నేను ఒప్పుకోను. ఆ కాలం చూసిన ముసలమ్మలు ఎవరైనా దొరికి మాట్లాడితే, వాళ్ళు ఆగిన చోట నువ్వూ ఆగిపో. రికార్డర్ పక్కన పెట్టెయ్. రెండో ప్రశ్న వెయ్యకు.

పిల్లకు చీటీ ఇచ్చి పంపే సంఘం మనిషి ఒకడుంటాడు కదా, వాణ్ణి ఊరికే ధీరుణ్ణి చేసి వదలకు. పంపాక వాడికి ముద్ద దిగకూడదు. పొద్దు గూకినా పిల్ల రాకపోతే కట్ట దాకా వచ్చి వెనక్కి పోవాలి. పెద్దవాళ్ళం పిల్లల చేతికి ప్రమాదం ఇచ్చి పంపుతున్నామన్న సంగతి ఒక్కరికైనా గుర్తుండాలి. నీ రాత్రుళ్ళ గురించి మీ నాన్న కూడా అలాగే బాధపడుతున్నాడు. ఒంటిగంట దాకా లైటు వెలుగుతోందట. పదకొండుకు పడుకో, తల్లీ. పొద్దున్నే రాసుకోవచ్చు.

చివరి నవల ఎక్కడ ఆపుతావో ఇప్పుడే ఆలోచించు. 1946లో పదిహేనేళ్ళ పిల్లకు 1951కి ఇరవై. పోరాటం అయిపోయాక ఇంటికి పొమ్మన్నారని, మళ్ళీ పొయ్యి దగ్గరే కూర్చోవలసి వచ్చిందని ఆనాటి ఆడవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. అయిదేళ్ళు అన్ని దారులూ తిరిగిన పిల్ల ఏ ఇంటికి పోతుంది? గడీకా, అత్తారింటికా, చదువుకా? పోలీసు చర్యతో సిరీస్ ముగించి జెండా ఎగరేస్తే ఆమె జీవితం సగమే చెప్పినట్టు.

మొదటి మూడు అధ్యాయాలు అవగానే ప్రింట్ తీసి పంపు, స్క్రీన్ మీద నాకు దిద్దడం రాదు. ఆ ఊళ్ళు చూడ్డానికి ఒంటరిగా బయల్దేరకు, ముందు నాకు చెప్పు. మోకాళ్ళు సహకరిస్తే నేనూ వస్తాను.

నీ
మేనత్త